అంటు లేని కత్తి

గంటవారిపాలెం ప్రభుత్వ పండ్లమొక్కల క్షేత్రంలో ఉద్యోగులు నలభై రెండు మంది. చాకు మాత్రం ఒక్కటే. అది గుత్తుల పేర్రాజు బొడ్లో ఉండేది.

పేర్రాజు పని మామిడి మొక్కలకి అంట్లు కట్టడం. నాటు టెంక మొలిచిన మొక్క తల కోసేసి, కాండాన్ని నిలువునా చీల్చి, మంచి జాతి చెట్టు పుల్లని మేకులా చెక్కి ఆ చీలికలో దిగేసి పట్టీ చుడతాడు. నెల తిరిగేసరికి ఆ రెండూ ఒకటే మొక్క. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని, అదే చాకు. పిడి దున్నకొమ్ము, కత్తి లారీ కమానుపట్టా. మడిస్తే బెత్తెడుంటుంది. మేనమామ సుబ్బన్న పని నేర్పిన రోజున చేతిలో పెట్టింది. పోయేదాకా నీ దగ్గరుంచుకోరా అన్నాడు గానీ, ఎవరు పోయేదాకానో చెప్పలేదు.

అంట్ల కోసం ఉన్న ఆ చాకు ఆఫీసు మొత్తానికీ అక్కరకొచ్చేది. ఎరువు బస్తా మూతి కుట్టు రాకపోయినా, పార్శిలు తాడు తెగకపోయినా, గుమస్తా మంగతాయారు గారి టిఫిన్ డబ్బాలో జామకాయ గట్టిగా తగిలినా ఒకటే కేక వినపడేది.

"పేర్రాజూ, ఓసారి చాకు!"

పేర్రాజు వచ్చేవాడు. చాకు ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. తనే కోసి, తువ్వాలుతో తుడిచి, మడిచి, బొడ్లో దోపుకుని వెళ్లిపోయేవాడు. క్షేత్రానికి పెద్ద అయిన సహాయ సంచాలకులు ద్వివేదుల గంగాధరరావుగారు కూడా కొత్త చొక్కా వేసుకున్న రోజున మెడ వెనక గుచ్చుకునే చీటీని పేర్రాజు చేతే కోయించుకునేవారు. ఏ కాయితమూ, ఏ సంతకమూ లేకుండా ముప్పై ఒక్క ఏళ్లు పని జరిగిపోయిందంటే, అది ఎక్కడో తప్పుగా జరుగుతున్నట్టే కదా.

ఆ తప్పు రాజధానిలో దొరికింది. ముఖ్య సంచాలకులవారు ఏదో చలిదేశానికి అధ్యయన యాత్రకి వెళ్లారట. అక్కడ ముసలివాళ్లు జేబులోంచి మడత చాకు తీసి రొట్టె కోసుకుని తినడం చూసి ఆయన కళ్లు చెమర్చాయట. దిగిన వారానికి ఉత్తర్వు వచ్చింది. గంగాధరరావుగారు సిబ్బందిని వరండాలో నిలబెట్టి దాన్ని తనే చదివారు.

"మన పూర్వీకుల జేబులలో నిత్యము విలసిల్లిన సంప్రదాయ మడత చాకు నేడు మరుగున పడుట మిక్కిలి శోచనీయము. కావున ప్రతి ఉద్యోగియు ప్రతిదినము ఒక చాకును దేహముపై ధరించి, దినమునకు మూడు పర్యాయములకు తక్కువ కాకుండ వినియోగించి, సదరు వినియోగమును పుస్తకమునందు నమోదు చేయవలెను. అతిక్రమించిన వారు సంజాయిషీకి పాత్రులగుదురు."

"మా తాతకి జేబే లేదండి," అన్నాడు పేర్రాజు పక్కనున్న తోటమాలితో. "గోచీ ఒకటే."

"జేబు గురించి పైకి రాయాలేమో," అన్నారు మంగతాయారుగారు. ఆవిడ నవ్వలేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆవిడ ఏ ఉత్తర్వుకీ నవ్వలేదు, ఏ ఉత్తర్వునీ నమ్మలేదు.

చాకులు పెట్టెల్లో వచ్చాయి. అన్నీ ఒకే అచ్చు. పిడి మీద నెమలి, నెమలి కింద శాఖ ముద్ర. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. ఆ పెట్టెలు తెరవడానికి మాత్రం పేర్రాజు చాకే కావలసి వచ్చింది. ఎందుకంటే ఆ చాకులకి పదును లేదు. పొరపాటున కాదు. పెట్టెలో కాయితం మీద స్పష్టంగా రాశారు: "ఉద్యోగుల భద్రత దృష్ట్యా పదును మినహాయించడమైనది. ఉద్యోగులు సొంతముగా పదును పెట్టుట ప్రభుత్వ ఆస్తికి నష్టము కలిగించుటగా పరిగణింపబడును."

మొదటి వారం క్షేత్రంలో కోయదగినవన్నీ వెతికారు. అరటిపండు కోశారు, వెన్న కోశారు, ఒకాయన ఇంటి నుంచి ఉప్మా గట్టిగా చేయించి తెచ్చుకుని దాన్ని కోశాడు. మూడో పర్యాయం మాత్రం ఎవరికీ దొరికేది కాదు. అప్పుడు గంగాధరరావుగారే ఒక ఏర్పాటు చేశారు. పొద్దున్నే ఒక గుమస్తా ఫైళ్లన్నిటికీ పురికొస కడతాడు. మిగతావాళ్లు వరసలో వచ్చి తమ చాకుతో ఆ పురికొస మీద పదిసార్లు అటూ ఇటూ లాగి, తెగకపోతే ముడి విప్పేసుకుని, "తాడు కోయుట – 1" అని రాసుకుని సంతకం పెడతారు. ఆ పుస్తకాలు కూడా ఫైళ్లే కాబట్టి సాయంత్రం వాటికీ పురికొస కట్టేవారు. క్షేత్రంలో మొక్కలు కూడా ఉన్నాయన్న సంగతి నెమ్మదిగా అందరి మనసులోంచీ జారిపోయింది.

ఉత్తర్వు వెనకే రెండో ఉత్తర్వు వచ్చింది. శాఖ ముద్ర లేని చాకులున్న వాళ్లు వాటిని ఫారం నింపి అప్పగించాలి. గేటు దగ్గర సోదా కూడా పెట్టారు.

మంగతాయారుగారు ఫారం తీశారు. "పేరు గుత్తుల పేర్రాజు. కత్తి పొడవు... ఏదీ, పెట్టు. సరే. కత్తి రకం?"

"అంటు కత్తండి."

"అంటు కత్తి," అని రాశారావిడ.

"ఎన్నాళ్లుంచుతారండి?"

"పైనుంచి అనుమతి వచ్చేదాకా."

"మరి అంట్లండి? ఇదే అదనండి, ఆషాఢం ఎల్లిపోతే మళ్లీ ఏడాదికేనండి."

"ఇదిగో, నీకూ నెమలి చాకు ఇస్తున్నాగా," అన్నారావిడ. ఆ మాట అంటున్నప్పుడు పేర్రాజు మొహంకేసి మాత్రం చూడలేదు. చాకు బీరువాలోకి వెళ్లింది. పేర్రాజుకి నడుం దగ్గర ఏదో ఊడిపోయినట్టనిపించి, గేటు దాకా వెళ్లేలోపు నాలుగుసార్లు బొడ్డు తడుముకున్నాడు.

సరిగ్గా ఆ మర్నాడే గాలివాన కొట్టి అత్తకోపం చెట్టు కూలిపోయింది.

అత్తకోపం అనేది మామిడి జాతి. కాయగా ఉన్నప్పుడు పళ్లు జివ్వుమనే పులుపు, పండాక తేనె. అందుకే ఆ పేరు. ఒకప్పుడు ఏటి మధ్య లంకల్లో ప్రతి పెరట్లోనూ ఉండేది. గోదారి ఒక్కో గట్టూ కోసుకుంటూ పోయింది, చెట్లూ పోయాయి. సుబ్బన్న ఆఖరి చెట్టు నుంచి పుల్ల తెచ్చి క్షేత్రంలో అంటు కట్టాడు. పేర్రాజు అంటు కట్టడం నేర్చుకున్నది ఆ చెట్టు కిందే. మిగతా చోట్ల ఇంకెక్కడైనా ఉందేమోనని పదేళ్లుగా వెతుకుతూనే ఉన్నాడు. లేదు. ఆ ఒక్కటే. ఇప్పుడది వేళ్లు గాల్లోకి లేపి పడుకుని ఉంది.

పేర్రాజు దాని పక్కన కూలబడ్డాడు. కొమ్మ గోటితో గీరి చూస్తే లోపల ఇంకా పచ్చిగానే ఉంది. ఒక వేరు మట్టిలో ఉండిపోయింది కాబట్టి వారం, మహా అయితే ఎనిమిది రోజులు పుల్లలో ప్రాణం ఉంటుంది. ఈలోగా అంట్లు కడితే జాతి నిలుస్తుంది. లేకపోతే ఆ రుచి ఇక లోకంలో ఉండదు. అతనికి ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చాడు.

తరవాత నెమలి చాకు తీసి ఒక పుల్ల చెక్కబోయాడు. బెరడు నలిగి పీచులా లేచిపోయింది. అలాంటి పుల్ల బతకదు. మర్నాడు గెడ్డం గీసుకునే బ్లేడు జేబులో పెట్టుకొచ్చాడు. గేటు సోదాలో దొరికిపోయింది. పుల్లలు ఇంటికి పట్టుకెళ్లి కట్టుకుంటానని అడిగితే, కూలిన చెట్టు ప్రభుత్వ ఆస్తి, పంచనామా అయ్యేదాకా ఆకు కూడా గేటు దాటకూడదన్నారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క మెమో ఎరగని మనిషి పేర్రాజు. దొంగతనంగా పట్టుకెళ్లడం అతనికి చేతకాదు.

గంగాధరరావుగారి గదిలోకి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్క పూట ఇప్పించండి బాబూ నా చాకు. మీ ఎదురుగానే కట్టేసి ఇచ్చేస్తానండి."

"ఇవ్వడానికి నాకేం పేర్రాజూ? ఆ చెట్టు కాయ నేను తినలేదా? కానీ దస్త్రం పైకి వెళ్లింది. దస్త్రం పైనుండగా వస్తువు కింద కదలరాదు. ఇది మౌలిక సూత్రం."

"చెట్టు చచ్చిపోతదండి."

"చెట్టు విషయమై వేరే దస్త్రం తెరుద్దాం," అన్నారాయన ఎంతో దయగా.

దస్త్రం పైకి వెళ్లిన మాట నిజమే. జిల్లా చాకు పర్యవేక్షణ విభాగం అని కొత్తగా పెట్టారు. అందులో కూర్చున్నాయనకి చాకుల గురించి తెలియదు, మొక్కల గురించి అసలు తెలియదు. తెలుగు మాత్రం వచ్చు. "అంటు కత్తి" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. అంటు! నలభై రెండు మంది పనిచేసే చోట అంటు కత్తి! ఆయన లేచి చేతులు కడుక్కుని, ఫారం మీద "అతి జరూరు" అని రాసి, జిల్లా అంటువ్యాధుల నివారణాధికారికి పంపించేశాడు.

చెట్టు కూలిన నాలుగో రోజున ఆ అధికారి డాక్టర్ భ్రమరాంబగారు మూతికి గుడ్డ కట్టుకుని జీపు దిగారు. పేర్రాజుని పది అడుగుల దూరంలో నిలబెట్టి ప్రశ్నించడం మొదలుపెట్టారు.

"ఈ అంటు నీకెప్పట్నుంచి?"

"ముప్పై ఒక్క ఏళ్లండి."

ఆవిడ కలం ఆగింది. "ఎవరి నుంచి వచ్చింది?"

"మా మావ నుంచండి. ఆయనకి వాళ్ల నాన్న నుంచండి. మా ఇళ్లల్లో మగాళ్లందరికీ ఉందండి."

"ఇప్పటిదాకా ఎన్నిటికి అంటించావు?"

"లెక్కెట్టలేదండి. లచ్చ దాటుంటాయండి."

"లక్ష!"

"నే కడితే పోదండి," అన్నాడు పేర్రాజు. ఎన్నాళ్లకో తన పని గురించి ఒకరు ఇంత శ్రద్ధగా అడిగేసరికి అతనికి ఉత్సాహం వచ్చింది. "నూటికి తొంభై పట్టేస్తాయండి. ఆయ్. లారీల్లో ఒరిస్సా దాకా ఎల్తాయండి. వానలు పడితే ఇంకా బాగా పడతాయండి."

భ్రమరాంబగారు మరో రెండడుగులు వెనక్కి వేశారు. గంగాధరరావుగారు కలగజేసుకుని, "అమ్మా, అంటు అనగా ఇక్కడ మొక్కల..." అనబోయారు.

"మొక్కలకి కూడానా?" అన్నారావిడ.

"అలా కాదమ్మా, ఆ మాటకి మా శాఖలో అర్థం వేరు."

"మీ సంతకంతో వచ్చిన ఫారంలో అర్థం ఏమీ రాయలేదే? రాసింది తప్పంటారా? తప్పుడు సమాచారం పంపినట్టు నమోదు చేసుకోమంటారా?"

గంగాధరరావుగారు ఒక్క నిమిషం ఆలోచించారు. ఆయనకి పదోన్నతి దగ్గరలో ఉంది. "అంటు అనగా అంటేనమ్మా," అన్నారు.

కత్తిని సంచిలో వేసి, సీలు వేసి, పరీక్షకి పట్టుకెళ్లారు. పేర్రాజు జీపు వెనక గేటు దాకా పరిగెత్తాడు. "అమ్మా, అది తడి తగిలితే తుప్పడతదండి, కాస్త నూనె రాయండి," అని అరిచాడు. జీపు ఆగలేదు.

ఐదో రోజు, ఆరో రోజు పేర్రాజు చెట్టుకి బిందెలతో నీళ్లు మోశాడు. గాల్లో ఉన్న వేళ్ల మీద తడిగోనెలు కప్పాడు. పుస్తకంలో "చాకు వినియోగము" గడిలో ఏమీ రాయలేదు. మంగతాయారుగారు తన మొండి చాకుతో తీరిగ్గా పురికొసని గీకుతూ కిటికీలోంచి అతన్ని చూస్తూనే ఉన్నారు. ఆవిడే ఆ మాట రాసింది. పక్కన "మొక్కల" అని ఒక్క మాట కలిపి ఉంటే సరిపోయేది. ఫారంలో గడి చిన్నది, పట్టలేదు.

ఆరో రోజు సాయంత్రం పరీక్ష ఫలితం వచ్చింది. అందులో ఇలా ఉంది: "సదరు కత్తిని క్షుణ్ణముగా పరీక్షించగా ఎట్టి అంటును లేదని తేలినది. క్షేత్రములోని సిబ్బందికి గాని, మొక్కలకు గాని, పరికరములకు గాని అంటు ఉన్నట్లు ఆధారములు లేవు. కావున గంటవారిపాలెం క్షేత్రమును అంటురహిత క్షేత్రముగా ప్రకటించడమైనది."

రాష్ట్రం మొత్తంలో అంటురహిత క్షేత్రం ఇదొక్కటేనట. అంట్లు కట్టడానికే పుట్టిన క్షేత్రానికి అంటు లేదని బిరుదిచ్చారన్న సంగతి గంగాధరరావుగారికి తట్టకపోలేదు. తట్టింది. కానీ బిరుదు అందించడానికి ముఖ్య సంచాలకులవారే స్వయంగా మర్నాడు వస్తున్నారని కూడా అదే కవరులో ఉంది. ఆయన వెంటనే గేటు మీద "ఇచ్చట మేలురకం అంట్లు లభించును" అన్న బోర్డుకి సున్నం కొట్టించారు.

ఏడో రోజు పొద్దున్న షామియానా లేచింది. "అంటురహిత క్షేత్రము" అన్న కొత్త బోర్డుకి అడ్డంగా ఎర్ర సిల్కు రిబ్బను కట్టారు. వేదిక మీద అద్దాల పెట్టెలో, వెల్వెట్ గుడ్డ మీద, పరీక్ష నుంచి ఆ పొద్దున్నే తిరిగొచ్చిన పేర్రాజు చాకు. పక్కన ధ్రువపత్రం. కింద చీటీ: "నిత్య వినియోగములోని సంప్రదాయ చాకు. తాకరాదు." పేర్రాజు జనం వెనక నిలబడి చెట్టుకేసి చూశాడు. చిగుళ్లు వాలిపోతున్నాయి. ఈ సాయంత్రం దాటితే అయిపోయినట్టే.

ముఖ్య సంచాలకులవారు చాకు గొప్పతనం మీద గంటసేపు మాట్లాడారు. తరవాత కత్తెర తెచ్చిన పళ్లేన్ని చిరునవ్వుతో పక్కకి తోసి, "కత్తెర పరాయిది, చాకు మనది!" అని చప్పట్ల మధ్య తన చాకు తీశారు. ఆయనది గంధపు పిడి. రిబ్బను మీద పెట్టి లాగారు. రిబ్బను వంగింది. ఇంకొంచెం గట్టిగా లాగారు. రిబ్బనుతో పాటు బోర్డు ముందుకొచ్చింది.

"సిల్కు మంచిదిలా ఉంది," అన్నారాయన చెమట తుడుచుకుంటూ.

"క్రమం ప్రకారం నన్ను ప్రయత్నించనివ్వండి సార్," అని గంగాధరరావుగారు తన నెమలి చాకు తీశారు. ఆయన తరవాత ఆయన కిందాయన, ఆయన తరవాత ఆయన కిందాయన. సర్వీసు జాబితా ప్రకారం నలభై మంది ఆ రిబ్బనుని రుద్దారు, నలిపారు, పీకారు. సన్నాయి వాళ్లకి ఊపిరి అయిపోయింది. ఒకాయన పళ్లతో కొరకబోతే పక్కవాళ్లు ఆపారు. కత్తెర తెమ్మందామంటే పరాయిదని ఇప్పుడే అనేశారు.

తన వంతు వచ్చినా వెనక్కి తప్పుకుంటూ వచ్చిన మంగతాయారుగారు నలభై ఒకటో మనిషి. ఆవిడ చాకు తీయలేదు. నడుం మీద చెయ్యేసుకుని, జనం తలల మీదుగా, అలవాటైన గొంతుతో కేకేశారు.

"పేర్రాజూ, ఓసారి చాకు!"

పేర్రాజు కదిలాడు. జనం దారిచ్చారు. వేదికెక్కి అద్దాల పెట్టె మూత తీస్తుంటే "తాకరాదు!" అన్నారెవరో. ముఖ్య సంచాలకులవారు గాభరాగా చెయ్యి ఊపారు, కానీయమన్నట్టు. పేర్రాజు చాకు విప్పి వేలితో అంచు చూసుకున్నాడు. ఒక మూల కొంచెం తుప్పు. రిబ్బను మీద ఆనించాడంతే, అది రెండు ముక్కలై వేలాడింది. చప్పట్లు హోరెత్తాయి.

గంగాధరరావుగారు చెయ్యి చాచారు. "ఇలా ఇయ్యి, పెట్టెలో పెడదాం."

పేర్రాజు చాకు తుడిచి, మడిచి, బొడ్లో దోపుకున్నాడు.

"ఉత్తర్వు ప్రకారం రోజుకి మూడు పర్యాయాలండి. ఇంకా ఒకటే అయ్యింది. మిగతా రెండూ చేసొస్తానండి."

"శభాష్!" అన్నారు ముఖ్య సంచాలకులవారు. "పథకం ఇంత లోతుగా జీర్ణించుకున్న ఉద్యోగిని నేను చూడలేదు. వెళ్లు, వెళ్లు."

ఆయన పొమ్మన్నాక ఆపగలిగేదెవరు? పేర్రాజు నడుచుకుంటూ కాదు, పరిగెత్తుకుంటూ వెళ్లాడు. వెనక మైకులో వందన సమర్పణ నడుస్తుండగా కొమ్మల్లో ఇంకా పచ్చిదనం ఉన్న పుల్లలన్నీ కోశాడు. తొట్లలో ఉన్న అరవై నాటు మొక్కలకి అంట్లు కట్టి, ఆఖరి పట్టీ చుట్టేసరికి షామియానా కూడా విప్పేశారు. పుస్తకంలో రాశాడు: "రిబ్బను – 1. పుల్లలు – 1. అత్తకోపం – 1."

అరవైలో నలభై తొమ్మిది ఎండిపోయాయి. నూటికి తొంభై పట్టే చెయ్యి. పేర్రాజు ఎండిన ప్రతి పుల్లనీ చేత్తో పట్టుకుని చూసి పక్కన పెట్టాడు. ఆలస్యమైన ఏడు రోజుల్ని ఎవరిని అడుగుతాం? కానీ శ్రావణం చివర్లో పదకొండు మొక్కలు రాగిరంగు చిగుళ్లు వేశాయి. పేర్రాజు ఆఫీసు మెట్ల దగ్గర్నుంచే అరిచాడు. "పట్టేసినయ్యండి! పదకొండు పట్టేసినయ్యండి!"

గంగాధరరావుగారు తల పట్టుకున్నారు. "మెల్లిగా అనవయ్యా! అంటురహిత క్షేత్రంలో పదకొండు అంట్లని ఎలా చూపించను? బిరుదు పోతుంది, నా పదోన్నతి పోతుంది. నాశనం చేసినట్టు రాసి..."

"నాశనం చెయ్యనండి," అన్నాడు పేర్రాజు. ఆ గదిలో అతను కాదనడం అదే మొదటిసారి. చెయ్యి బొడ్డు మీదకి వెళ్లింది, దేనికోసమో కాదు, అలవాటు కొద్దీ.

మంగతాయారుగారు చిట్టా తెరిచారు. "ఎవరూ నాటమనలేదు, ఎవరూ అడగలేదు, లెక్కలో లేదు. అలా మొలిచినదాన్ని వ్యవసాయ శాస్త్రంలో ఏమంటారండీ?"

"కలుపు," అన్నారు గంగాధరరావుగారు.

"కలుపు మొక్కలు – పదకొండు," అని రాశారావిడ. ఈసారి గడిలో పట్టింది. "వెంటనే పీకించి క్షేత్రం అవతల పారవేయించవలెను. కలుపుకి గేటు పాసు అక్కర్లేదు. పేర్రాజూ, పట్టుకుపో."

పేర్రాజు ఆవిడకి దండం పెట్టబోతే, "ముందు కలుపు సంగతి చూడు," అని కసిరారు. ఆ సాయంత్రం పదకొండు తొట్లూ బండి మీద గేటు దాటాయి. సోదావాళ్లు బండి ఆపి చూసి, కలుపని రాసుకుని వదిలేశారు.

ఆదివారం పొద్దున్న పేర్రాజు ఇంటి ముందు గంగాధరరావుగారి స్కూటరు ఆగింది. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఒక కలుపు మొక్క ఉంటే ఇస్తావా? మా ఆవిడ పెరట్లో వేసుకుంటానంటోంది."

పేర్రాజు ఒక తొట్టి తెచ్చి స్కూటరు వెనక పెట్టి కొబ్బరితాడుతో బిగించాడు. తాడు మూరెడు మిగిలింది. చక్రంలో పడుతుందని గంగాధరరావుగారు జేబులోంచి నెమలి చాకు తీసి కాసేపు దాని మీద కుస్తీ పట్టారు. పీచు కూడా లేవలేదు.

"పేర్రాజూ, ఓసారి చాకు."

"ఏ చాకండి?" అన్నాడు పేర్రాజు. "శాఖదా అండి, అంటుదా అండి?"

గంగాధరరావుగారు వీధి చివరిదాకా చూశారు. ఎవరూ లేరు.

"కోసేదయ్యా," అన్నారు.